సముద్రం ఏ చేతివైపు

ముందు కనిపించేది ఏమీ లేదు. తొలిదెబ్బ కొట్టే మొదటి గద్దె పక్కనున్న చెక్కబల్ల మీద కూర్చున్న నెట్టా ఫాల్కనర్‌కు తన మోకాళ్ళు కనిపిస్తున్నాయి, వాటి మీద పెట్టుకున్న రెండు ప్లాస్టిక్ మణికట్టు తొడుగులు కనిపిస్తున్నాయి, బూట్ల ముందు గడ్డి కొంత దూరం పచ్చగా సాగి, ఆ తర్వాత రంగు పోగొట్టుకుని, ఆ తర్వాత అసలే లేకుండా పోయింది. పొద్దున్నే సముద్రం మీద లేచిన మంచు కిల్‌మారన్ గోల్ఫు మైదానాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా మింగేసింది. అది విడిపోయి, బంతి చేరాల్సిన మొదటి జెండా కంటికి ఆనేదాకా ఆట మొదలుపెట్టించే పెద్దమనిషి బూర ఊదడు, ఆయన బూర ఊదేదాకా ఎవరూ కర్ర ఎత్తకూడదు. మిగతావాళ్ళు విసుక్కుంటున్న ఆ ఆలస్యం నెట్టాకు అక్కరకు వచ్చింది. మధ్యాహ్నంలోగా ఆమె డండీ నగరంలోని శస్త్రవైద్యురాలికి ఫోను చేసి ఒక్క మాట చెప్పాలి: తన ఎడమ మణికట్టును తిన్నగా బిగించాలా, వెనక్కి వంచి బిగించాలా. గురువారంనాడు లోహపు పట్టీ ఒకటి వేసి ముంజేతి ఎముకనూ అరచేతి ఎముకనూ ఒకటిగా అతికేస్తారు. ఆ తర్వాత ఆ కీలు కీలుగా ఉండదు. ఏ వాలులో నిలిపితే ఆ వాలులోనే, ఆమె బతికినంతకాలమూ, బతుకు అయిపోయాక పెట్టెలో కూడా, అలాగే ఉండిపోతుంది.

నొప్పి పోతుంది, నొప్పితో పాటు కదలికా పోతుంది అని చెప్పింది ఆ వైద్యురాలమ్మాయి. నెట్టా కళ్ళకు ఇప్పుడు నలభై దాటని వాళ్ళందరూ అమ్మాయిలే, కానీ ఈ అమ్మాయి నెట్టా చేతిని పట్టుకున్న తీరులో తొందర లేదు, అందువల్ల ఆమె చెప్పింది వినబుద్ధి వేసింది. పిడికిలి బిగించమంది. చేతిని లోపలికి మడిచి మళ్ళీ బిగించమంది. వేళ్ళు తమంతట తామే వదులయ్యాయి, కావాలన్నా బిగుసుకోలేదు. "చూశారా, మణికట్టు కొంచెం వెనక్కి వంగి ఉన్నప్పుడే వేళ్ళకు బలం. అందుకే మేం అందరికీ అలాగే బిగిస్తాం." నెట్టా తనకు తిన్నగా కావాలంది. ఎందుకని అడిగితే, గోల్ఫు ఆడతానంది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ తీరంలో ఆ జవాబుకు నవ్వేవాళ్ళు లేరు. తిన్ననిదొకటి, వంగినదొకటి, రెండు తొడుగులు చేయించి ఇచ్చి, మార్చి మార్చి వేసుకోండి, మీ చెయ్యే చెబుతుంది అని పంపింది. చెయ్యి చెప్పనే చెప్పింది, కానీ చెప్పింది ఒక్క మాట కాదు. తిన్నని తొడుగు వేసుకున్న రోజుల్లో బంతి ఎప్పటిలా నడిచింది, ఇంట్లో మాత్రం కెటిల్ జారింది, ఇనుప పెనం ఎత్తబోతే వేళ్ళు మొరాయించాయి, కుర్చీ చేతి మీద బరువు మోపి లేవలేకపోయింది. వంగిన తొడుగు వేసుకున్న రోజుల్లో కెటిల్ ఆమె మాట విన్నది, పెనమూ విన్నది, బంతి మాత్రం గద్దె మీదినుంచి లేచి, దారి తెలిసినదానిలా కుడివైపు తిరిగి, సముద్రపు ఒడ్డుకు పోయింది. మళ్ళీ కొడితే మళ్ళీ పోయింది. ఇంటిపని ఒక వాలు అడుగుతోంది, ఆట ఇంకొక వాలు అడుగుతోంది, చెయ్యి మాత్రం ఒకటే.

"ఏ కవచంతో దిగుతున్నావు వదినా, ఇంతకీ?"

రోనా మంచులోంచి ముందు గొంతుగా, తర్వాత మనిషిగా వచ్చింది, చంకలో ఫ్లాస్కు, చేతిలో షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల పొట్లం. నెట్టా భర్తకు చెల్లెలు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆమె ఆడపడుచుతనం మాత్రం రవ్వంత తగ్గలేదు.

"ఆలోచిస్తున్నాను."

"ఆలోచించు, తొందరేముంది. నువ్వు పడేసిన చోటునుంచి రెండో దెబ్బ కొట్టాల్సింది నేనే కదా. పోయిన వారం నాచులో పాదాలు కూరుకుపోయి నిలబడ్డాను, ఒక పీత నా బూటు మీదికెక్కి నా ఆట చూసింది."

"అదైనా మెచ్చుకుందా?"

"మొహం తిప్పుకుని పోయింది." రోనా టీ పోసి కప్పు నెట్టా కుడిచేతికి ఇచ్చింది, ఎడమచేతికి ఇవ్వకపోవడం అలవాటైపోయింది.

పక్క బల్లమీద వాళ్ళ ప్రత్యర్థి ఇసా బుకన్, కోడలు లోర్నాతో కూర్చుని, నెట్టా మోకాళ్ళకేసి ఓరగా చూసింది. "ఆ తొడుగుల్లో ఇనుప ముక్కేమీ దాచలేదు కదా నెట్టా?"

"దాచాను. నీ నోరు మూయించడానికి."

"వైద్యానికి వేసుకున్నది ఆటకు అడ్డం కాదని కమిటీ తేల్చిందిలే. కమిటీకి జాలెక్కువ. నాకు లేదు, ముందే చెబుతున్నా."

"అత్తయ్యా, ఊరుకోండి" అంది లోర్నా.

నెట్టా టీ తాగింది. జోడీ ఆట అంటే ఇద్దరికీ కలిపి ఒకే బంతి. ఒక దెబ్బ ఒకరిది, తర్వాతి దెబ్బ రెండోవారిది, ఒకరి పొరపాటు దగ్గర రెండోవారు నిలబడి కొట్టాలి. ఈ చెయ్యి ఇలా కావడానికి కారణం వెతికితే అది కూడా ఆ జోడీ ఆట దగ్గరే తేలుతుంది. పెళ్ళయిన కొత్తల్లో, చలికాలం పోతూ పోతూ ఓడరేవు మెట్లకు పట్టించి వెళ్ళిన మంచుగడ్డ మీద కాలు జారి ఆమె ఎడమచేతి మీద పడింది. వాచింది. ఆ వారమే వసంతకాలపు జోడీ పందెం, రోనాకు అది మొదటిది. తాను తప్పుకుంటే పిల్లకు ఆట లేకుండా పోతుంది, జోడీని వదిలేసిన మనిషిని కిల్‌మారన్‌లో ఏళ్ళ తరబడి తలుచుకుంటారు. బెణుకని గుడ్డ చుట్టుకుని ఆడింది, వాళ్ళు గెలిచారు కూడా, వాపు దిగాక ఇక వైద్యుడి అవసరం ఎక్కడిది. బొటనవేలి మొదట్లో జీడిపప్పంత ఎముక ఒకటి ఉంటుందనీ, అది విరిగితే బెణుకులాగే ఉంటుందనీ, అతకకపోతే లోలోపల చచ్చిపోయి చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తన వెంట తీసుకుపోతుందనీ ఆమెకు ఈ ఏడాదిదాకా తెలియదు. తెలిసి ఉంటే ఆడేది కాదా? ఆడేదే. నెట్టా తనకు తాను అబద్ధం చెప్పుకునే మనిషి కాదు. కిందపడటం ఎముకను విరిచింది, అంతవరకే. తర్వాత ఆ ఎముకను అరగదీసినది మాత్రం కిందపడటం కాదు, ప్రతి దెబ్బకూ కర్ర భుజం మీదికి లేచినచోట ఆమె ఆ మణికట్టును బలవంతాన బల్లపరుపుగా నొక్కిపట్టడం. ఎందుకు నొక్కిపట్టింది? పట్టు అలాంటిది కనుక. పట్టు ఎందుకు అలాంటిది? నాన్న పట్టు కనుక.

నాన్న, రాబ్ కిన్నియర్, పడవల వడ్రంగి. ఓడరేవు వెనక కొట్టులో తారువాసనా రంపపుపొట్టూ నిండిన చోట కూతురికి సరిపడేలా ఒక పాత కర్రను కోసి, వెనకనుంచి వంగి, ఆమె చేతుల మీద తన చేతులు పెట్టాడు. ఆ బరువు ఇప్పటికీ ఉంది. ఆయన ఎన్నో సంగతులు చెప్పి ఉంటాడు, అన్నీ పోయాయి, ఆ వేళ్ళ కిందనుంచి తన వేళ్ళు కదల్లేకపోవడం మిగిలింది. బొటనవేలు కర్ర నడినెత్తిన నిలువుగా ఉండాలి. ఎడమచేతి వెనకభాగం సూటిగా జెండాను చూడాలి. పైనుంచి చూస్తే నీ పిడికిలి కణుపులు నీకు కనిపించకూడదు; చెయ్యి కుడికి తిప్పి పట్టుకుంటే రెండో మూడో కణుపులు పైకి తేలతాయి, అది దొంగపట్టు, సోమరుల పట్టు, అలా పట్టుకున్నవాడి బంతి ఎడమకు కొంకి తిరుగుతుంది. ఆ మాట ఆయన నోట్లో దొంగతనమంత బరువుగా ఉండేది. కిన్నియర్ల ఇంట్లో ఎవరూ దొంగపట్టు పట్టలేదు. అన్నలూ పట్టలేదు, మేనమామా పట్టలేదు, ఆ మాటకొస్తే ఊరిలో సగంమందికి పైగా ఆ నిలువు బొటనవేలే. బయటి ఊళ్ళవాళ్ళు కిల్‌మారన్ మనిషిని చేతులు చూసి గుర్తుపట్టేవారు. అలా పట్టుకున్నాక మణికట్టుకు వేరే గతి లేదు. కర్ర ముఖం, అంటే బంతికి తగిలే చదును వైపు, ఎటు చూడాలో పట్టు ముందే నిర్ణయించి పెడుతుంది. కర్ర పైకి లేచాక మణికట్టు పలకలా చదునుగా నిలిస్తేనే ఆ ముఖం సవ్యంగా ఉంటుంది, ఏ కాస్త వెనక్కి వాలినా తెరుచుకుని ఆకాశాన్ని చూస్తుంది, తెరుచుకున్న ముఖం తగిలిన బంతి కుడికి పోతుంది. చెయ్యి తనంతట తాను వెనక్కే వాలాలనుకుంటుంది, వాలిన చోటే దానికి బలం, ఆ అమ్మాయి చెప్పిందీ అదే. నెట్టా బతుకంతా దాన్ని వాలనివ్వలేదు. వాలనివ్వకపోవడమే పద్ధతి అనుకుంది, పద్ధతి అంటే నొప్పి కొంత ఉంటుందనుకుంది, తిన్నగా నిలబడటం, తిన్నగా మాట్లాడటం, తిన్నని మణికట్టు, అన్నీ ఒకే పెంపకంలోవి అనుకుంది.

కాబట్టి తిన్నగానే బిగించమని చెప్పవచ్చు. కెటిల్ కుడిచేత్తో ఎత్తవచ్చు. పెనం తేలికది కొనుక్కోవచ్చు. నాన్న పట్టు మాత్రం నిలుస్తుంది. ఆమె తిన్నని తొడుగు ఎత్తి చేతికి పెట్టుకుని చూసింది, పట్టీలు బిగించలేదు. కానీ కుడి మణికట్టూ వయసులో దీని ఈడుదే, అదీ ఒకరోజు మొరాయిస్తుంది; ఆ రోజున బలం లేని ఎడమచెయ్యి ఒక్కటీ స్నానాల తొట్టి అంచు పట్టుకుని ఆమెను పైకి లేపగలదా? అప్పుడు లేపడానికి ఎవరొస్తారు, రోనానా? రోనాకు తన మోకాళ్ళే ఆగవు. ఆటకోసం చేతిని ఇవ్వాలా, చేతికోసం ఆటను ఇవ్వాలా అన్నట్టుగా ఈ ప్రశ్న కొన్నాళ్ళుగా ఆమె ముందు నిలబడి ఉంది. ప్రశ్నను అలా నిలబెట్టింది ఎవరు అని మాత్రం ఆమె అడగలేదు.

మంచు ఇంకా దట్టమైంది. రోనా కప్పు నోటిదాకా తీసుకువెళ్తే కప్పు అంచు కనిపించి చెయ్యి కనిపించనంతగా. చూపు పనిచేయనప్పుడు వినికిడి ముందుకొస్తుంది. నెట్టాకు సముద్రం వినిపించింది. పెద్ద అల లేదు, ఒడ్డున గులకరాళ్ళను లోపలికి లాక్కుని మళ్ళీ ఇటు తోసే చప్పుడు. కుడిచేతివైపు. ఎప్పుడూ అటే, మొదటి గద్దె మీద నిలబడి జెండాకేసి చూస్తే సముద్రం కుడిచేతివైపే. అయితే నాన్న మాట ఇంకొకటి ఉంది కదా, ఆ కొట్టులో, ఆమె చేతులు వదలకుండా, చెవి పక్కన చెప్పినది: సముద్రం నీ ఎడమ భుజం పక్కనే కాచుకుని ఉంటుంది తల్లీ, దానికి బంతి ఇవ్వకు. చిన్నప్పుడు ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. మొదటిసారి ఈ గద్దె మీద నిలబడినప్పుడు ఎడమకు చూసింది, ఎడమన గడ్డి ఉంది, గొర్రెలు ఉన్నాయి, ఫాదర్‌గిల్‌ వాళ్ళ బార్లీ పొలం ఉంది. నాన్న ఏదో పోలిక చెప్పాడనుకుంది. చర్చిలో చెప్పేవాటిలాంటిది, కళ్ళతో వెతకకూడనిది.

పోలిక కాదు. నెట్టా కప్పును బల్ల మీద పెట్టింది. నాన్న ఆట నేర్చుకున్నప్పుడు ఆట మొదలయ్యేది ఇక్కడ కాదు, అవతలి చివర. పాత చెక్క క్లబ్బుహౌసు అక్కడ ఉండేది. యుద్ధంలో ఆ చివరను సైన్యం తీసుకుని గుడారాలు వేసింది, క్లబ్బు ఈ చివరకు వచ్చింది, సైన్యం వెళ్ళిపోయాక కూడా ఎవరూ తిరిగి అటు పోలేదు. ఇది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అక్కడ గోర్సు ముళ్ళపొదల్లో పాత రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి, చిన్నప్పుడు వాటి మీద కూర్చుని ఉప్పుచేప తిన్నది. అక్కడినుంచి ఇటు ఆడుకుంటూ వస్తే సముద్రం ఏ చేతివైపు? ఎడమచేతివైపు. దారి పొడుగునా ఎడమచేతివైపే. అలాంటిచోట ఎడమకు కొంకి తిరిగే ప్రతి బంతీ నీళ్ళపాలు, బంతులు అరుదుగా దొరికే రోజుల్లో. అందుకని ఆ కాలపు మనుషులు బంతి ఎడమకు పోనే పోలేని పట్టు ఒకటి కనిపెట్టుకున్నారు, బొటనవేలిని నిలువుగా పెట్టారు, కణుపులను దాచారు, దానికి సరిపోయేలా మణికట్టును చదును చేశారు. ఒడ్డు పట్టును మలిచింది, పట్టు మణికట్టును మలిచింది. తర్వాత ఆట తిరగబడింది. సముద్రం కుడికి వచ్చింది. పట్టును మాత్రం ఎవరూ తిప్పలేదు. అది అప్పటికి జాగ్రత్తగా ఉండటం మానేసి మర్యాదగా మారిపోయింది, ఏ బంతి కుడికి పోకూడదో ఆ బంతిని కుడికే పంపే పట్టును తండ్రులు కొడుకులకూ కూతుళ్ళకూ చేతుల మీద చేతులు పెట్టి ఇచ్చారు, ఒడ్డున నాచులో బంతులు వెతుక్కుంటూ గాలిని తిట్టుకున్నారు. నాన్న కూడా తిట్టేవాడు, ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి నీళ్ళలో నిలబడి, ఇవాళ గాలి చెడ్డది నెట్టా అనేవాడు. గాలి లేని రోజున కూడా అనేవాడు.

కోపం రావాల్సిన చోట ఆమెకు కోపం రాలేదు. ఆయన తప్పు చెప్పలేదు, ఆయన నిలబడిన చోటునుంచి ఆ మాట అక్షరాలా నిజం. వేరే చోట నిలబడి అదే మాటను పట్టుకున్నది తాను. జాలి వచ్చింది, ఆ జాలి కూడా ఎక్కువసేపు నిలవలేదు, చెయ్యవలసిన పని దానికి అడ్డం వచ్చింది. ప్రశ్న ఇప్పుడు వేరుగా నిలబడింది. వంగిన మణికట్టు బంతిని సముద్రంలోకి పంపుతోందనుకుంది. మణికట్టు పంపడం లేదు, వంగిన మణికట్టు మీద నిలువు పట్టు పంపుతోంది. పట్టు తిప్పితే, చెయ్యి కుడికి జరిగి కణుపులు పైకి తేలితే, మణికట్టు వెనక్కి వాలినా కర్ర ముఖం సవ్యంగానే నిలవాలి. నిలవాలి అన్నది లెక్క. నిలుస్తుందా అన్నది చెయ్యి చూపించాలి. ఎముకను వైద్యురాలు ఒకే ఒక్కసారి బిగిస్తుంది, పట్టును మాత్రం ప్రతి దెబ్బకూ మొదటినుంచి పట్టుకోవలసిందే. మారగలిగేది ఏదో, మారలేనిది ఏదో ఇంత తేటగా ఉన్నప్పుడు, మారగలిగేదాన్ని కదపకుండా ఉంచడానికి మారలేనిదాన్ని పాడుచేసుకోవడం తెలివి కాదు. ఆమె తిన్నని తొడుగును తీసి సంచిలో పడేసింది. వంగినదాన్ని వేసుకుని పట్టీలు పళ్ళతో లాగి బిగించింది. నడుముదాకా వచ్చే పెద్ద కర్రను ఒళ్ళోకి తీసుకుని, ఎడమచేతిని దాని మీద పెట్టి, కుడికి తిప్పింది. ఒక కణుపు తేలింది. ఇంకా తిప్పింది. రెండోది. మూడోది. చేతిలో కర్ర పరాయి వస్తువులా ఉంది, ఇంకొకరి తలుపు గడియ మీద చెయ్యి వేసినట్టు ఉంది. తన చేతుల మీదున్న ఆ పాత బరువు ఒప్పుకోలేదు, కిందికి నొక్కింది. నొక్కనీ. ఆమె ఇంకాస్త తిప్పింది.

"అదేం పట్టు వదినా?" రోనా గొంతు తగ్గించింది, ఇంట్లో సంగతి బయటివాళ్ళ ముందు అడుగుతున్నట్టు.

"దొంగపట్టు."

"ఇవాళా? పందెంలోనా? ఒక్కసారైనా కొట్టి చూశావా దాంతో?"

"లేదు."

రోనా షార్ట్‌బ్రెడ్ పొట్లం మడిచి జేబులో పెట్టుకుంది. "సరే. నాచుకైతే ఎలాగూ అలవాటు పడ్డాను."

మంచు మెల్లగా విడిపోలేదు, ఎవరో దుప్పటి లాగినట్టు ఒక్కసారిగా నేల మీదినుంచి లేచింది. ముందు గడ్డి, తర్వాత గుంతల్లో ఇసక, చివరికి మొదటి జెండా, నిస్తేజంగా, తడిసి. బూర మోగింది. ఇసా బుకన్ కొట్టింది, బంతి కుడివైపు పోయి, ఒడ్డు అంచున పడీ పడకుండా ఆగింది. ఆమె బొటనవేలు కర్ర మీద నిలువుగా ఉండటం నెట్టా చూసింది. తన వంతుకు లేచి గద్దె మీదికి నడిచింది. బంతి పెట్టింది. చెయ్యి తిప్పి పట్టుకుంది, మూడు కణుపులూ లేత వెలుగులో తెల్లగా ఉన్నాయి. కర్ర లేచింది, పైన, ఎప్పుడూ నొక్కిపట్టే చోట, ఈసారి నొక్కవలసింది ఏమీ లేదు, తొడుగు మణికట్టును వాల్చి ఉంచింది, ఆమె వాలనిచ్చింది. నొప్పి రావలసిన క్షణం వచ్చి, ఖాళీగా వెళ్ళిపోయింది. తర్వాత కర్ర కిందికి వచ్చి తగిలింది.

బంతి ఎత్తు లేవలేదు, ఎక్కువ దూరం పోలేదు. ఎడమకు పోయింది. పొలం వైపు పొడుగు గడ్డిలో, సముద్రానికి ఎంత దూరంగా పోగలదో అంత దూరంగా.

లోర్నా అత్తయ్యను చూసింది, ఇసా గడ్డిని చూసింది.

"ఎడమకా?" అంది రోనా చివరికి. "మీ పుట్టింటివాళ్ళు అటు కొట్టగా ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా?"

"ఎక్కువ తిప్పాను. ఒక కణుపు తగ్గించాలి." నెట్టా చేతిని ముఖం ముందుకు తెచ్చి చూసుకుంది. "మణికట్టు సరిగ్గానే ఉంది. చేసినదంతా పట్టే చేసింది." ఆమె కోటు జేబులోంచి ఫోను తీసింది. మైదానంలో ఫోను తీయకూడదు, కిల్‌మారన్‌లో అందుకు ఆటనే పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆమె ఇసాకేసి చూసింది, అడగలేదు.

"లోర్నా, సముద్రం మీద ఆ పడవ చూడు" అని ఇసా కోడలి భుజం పట్టి అటు తిప్పి, తానూ వీపు తిప్పింది. పడవేమీ లేదు.

"ఫాల్కనర్‌ని. గురువారం, ఎడమచెయ్యి. వెనక్కి వంచే బిగించండి." అవతల ఎవరో ఖాయమేనా అని అడిగారు, తర్వాత మార్చడానికి వీలుండదన్నారు. "ఖాయమే. మార్చుకోవాల్సింది వేరే ఉంది, అది నేను చూసుకుంటాను."

ఫోను జేబులో వేసుకునేసరికి రోనా అప్పటికే ఎడమవైపు నడుస్తోంది, నడుముదాకా తడిగడ్డిలో, ఆ పక్కన ఎప్పుడూ నడవని మనిషి అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు. నెట్టా వెనకనే వెళ్ళింది. బంతి ఒక గడ్డి కుదురు మీద, ఎవరో పెట్టి వెళ్ళినట్టు, శుభ్రంగా నిలిచి ఉంది. రోనా దాని పక్కన నిలబడి జెండాకేసి చూసి, నెట్టాకేసి చూసి, మళ్ళీ జెండాకేసి చూసింది. ఈ పక్కనుంచి మధ్యలో ఇసక గుంత లేదు, దిబ్బ లేదు, నేల వాలుగా జెండాదాకా దిగిపోతోంది.

"ఇక్కడినుంచి అడ్డమేమీ లేదు వదినా. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం మనకి?"

నెట్టా కర్రను ఎడమచేత్తో పట్టుకుంది, మూడో కణుపు కిందికి దిగేదాకా చేతిని వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, అక్కడ ఆపింది.

"మాటలు తర్వాత. ముందు కొట్టు" అంది. "దీని తర్వాతిది నాది."